ఖారూన్ ఊరేగింపు, మన వాహనాలు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక!

అమ్మాబాద్. ధార్మిక సోదరులారా, పెద్దలారా, యువకులారా! ముందుగా నాకూ, ఆ తరువాత మీకూ అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి జీవించవలసినదిగా ఉపదేశిస్తున్నాను.

దివ్య ఖుర్ఆన్ 28వ సూరా అల్ ఖసస్‌లో ఖారూన్ వృత్తాంతం ఉంది. అతడు ప్రవక్త మూసా (అలైహిస్సలాం) జాతికి చెందినవాడు. అతని నిధుల తాళపుచెవులు బలవంతుల బృందానికి సైతం మోయలేని భారమయ్యేవి. సంపద కలిగి ఉండటం అతని నేరం కాదు. అదంతా తన జ్ఞానం వల్లనే లభించిందని చెప్పుకోవడం, దానిని చూసుకొని విర్రవీగడం అతని నేరం. ఒకనాడు అతడు సకల వైభవంతో జనం ఎదుటికి బయలుదేరాడు. చూసినవారు రెండు వర్గాలయ్యారు. ఇహలోకాన్ని కోరేవారు తమకూ అంతటి భాగ్యం ఉంటే బాగుండునని నిట్టూర్చారు. జ్ఞానం ప్రసాదించబడినవారు వారిని మందలించి, అల్లాహ్ ఇచ్చే ప్రతిఫలమే మేలైనదని చెప్పారు. ఆ పిదప భూమి ఖారూన్‌నూ అతని గృహాన్నీ మింగివేసింది. నిన్న అతని స్థానాన్ని కోరుకున్నవారే నేడు తమను కాపాడిన ప్రభువును తలచుకున్నారు.

సోదరులారా! ఈ వృత్తాంతంలో ఖారూన్ ఒక్కడే. అతనిని చూసి నిట్టూర్చినవారు అనేకులు. మనలో అంతటి ధనికుడెవరూ లేడు కనుక ఈ పాఠం మనకు కాదని అనుకోకండి. వీధి అంచున నిలబడిన ఆ రెండు వర్గాలలో మనం ఏ వర్గంలో ఉన్నాము? ఈ ప్రశ్న ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది.

మన నిజామాబాద్ జిల్లాలో ఎన్నో ఇళ్ళు గల్ఫ్ దేశాలలో కార్చిన చెమటతో నిలబడ్డాయి. ఏళ్ళ తరబడి ఎండలో పనిచేసిన సోదరుడు సెలవు మీద వస్తాడు. నెల తిరగకముందే ఖరీదైన కారు ఇంటి ముందు నిలుస్తుంది. అవసరమేమిటని అడిగితే, బంధువులలో చిన్నతనంగా ఉందంటాడు. సెలవు ముగిసి అతడు తిరిగి విమానమెక్కుతాడు. కారు మీద దుమ్ము పేరుకుంటుంది. వాయిదా మాత్రం నెలనెలా వడ్డీతో సహా వస్తుంది. వడ్డీని అల్లాహ్ ఎంత కఠినంగా నిషేధించాడో మనకు తెలుసు. పక్కింటివారి చూపు కోసం ఆ నిషేధాన్ని దాటుతున్నామంటే, మనం ఎవరికి భయపడుతున్నట్లు?

ఇస్లాం వాహనాన్ని ద్వేషించదు. సూరా అన్ నహల్‌లో అల్లాహ్ గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను స్వారీ కోసమూ శోభ కోసమూ సృష్టించానని, మనకు తెలియనివాటిని కూడా సృష్టిస్తానని తెలియజేశాడు. అందమైన వాహనం నిషిద్ధం కాదు. అయితే దైవప్రవక్త (సఅసం) గుర్రాలను గురించి చెబుతూ, అవి ఒకరికి పుణ్యం, ఒకరికి రక్షణ, ఒకరికి పాపభారం అవుతాయని బోధించారు. దైవమార్గంలో పెంచినవానికి పుణ్యం. ఇతరుల ముందు చేయి చాచకుండా బ్రతకడానికి పెంచి, అందులో అల్లాహ్ హక్కును మరువనివానికి రక్షణ. గర్వం కోసం, ప్రదర్శన కోసం పెంచినవానికి భారం. గుర్రం అదే. మార్చింది మనసులోని సంకల్పం.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఒకటి ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దానిని సింహాసనం వంటి ఆసనంతో చేయించుకోదలచారు. కారు చేతికి రాకముందే, 1911 ఆగస్టులో, ఆయన పరమపదించారు. ఆ కారు ఆ తరువాత ప్రయాణించినది కొద్ది వందల మైళ్ళే. ఆయనను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు; అల్లాహ్ ఆయనను మన్నించుగాక. ఎక్కదలచినవాడు ఎక్కకముందే మరో ప్రయాణం వచ్చిందని గ్రహించడానికే చెబుతున్నాను.

అంత దూరం ఎందుకు? బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీని చూడండి. ఒకనాడు ఆసియాలోనే పేరెన్నికగన్నది. చెరకు బండ్లు బారులు తీరిన ఆ గేటు 2015 డిసెంబరులో మూతపడింది. ఒక ప్రాంతాన్నంతా పోషించిన సంపదే నిలవనప్పుడు, వాయిదాల మీద తెచ్చిన హోదా ఎంతకాలం నిలుస్తుంది?

యువకులారా! మీతో ప్రత్యేకంగా ఒక మాట. దైవప్రవక్త (సఅసం) హజ్ సమయంలో అరఫాత్ నుండి తిరిగి వస్తుండగా, వెనుక జనం ఒంటెలను కొట్టి తరుముతున్న చప్పుడు విన్నారు. కొరడాతో సైగచేసి, నెమ్మదిగా సాగమని, పరుగులు తీయించడంలో పుణ్యం లేదని ఉపదేశించారు. ఆరాధన కోసం సాగే ప్రయాణంలోనే ఆ తొందర తగదంటే, స్నేహితుల మెప్పు కోసం బోధన్ రోడ్డు మీద చేసే వేగాన్ని ఏమనాలి? ఎదురుగా వచ్చేది ఎవరి తండ్రో, ఎవరి బిడ్డో! తల్లిదండ్రులారా, పద్దెనిమిదేళ్ళు నిండని కుమారునికి తాళంచెవి ఇవ్వడం ప్రేమ కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం తండ్రికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష, ఇరవై ఐదు వేల రూపాయల జరిమానా పడవచ్చు. అయితే ప్రాణం పోతే ఏ జరిమానాతోనూ తిరిగి రాదు.

నిఖాహ్ సంబంధాలు మాట్లాడే పెద్దలారా! మహర్ ఇవ్వవలసినవాడు వరుడు. అటువంటివాడు ఆడపిల్ల తండ్రిని కారు అడగడం ఎక్కడి ధర్మం? ఆ తండ్రి పొలం అమ్మితే వచ్చిన కారులో మీ బిడ్డ ఊరేగితే, ఆ వైభవం ఖారూన్ వైభవానికి ఎంత దూరం? అప్పు మిగిల్చి చనిపోయిన ఒక వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (సఅసం) ముందుకు రాలేదు. అబూ ఖతాదా (రజి.) ఆ అప్పు తాను తీరుస్తానన్న తరువాతనే నమాజు చేయించారు. ఆడపిల్ల తండ్రిని అప్పులపాలు చేసేవారు ఈ సంఘటనను ఒకసారి తలచుకోవాలి.

వాహనం ఉన్న సోదరులారా! దానిని పుణ్యంగా మార్చుకోండి. అర్ధరాత్రి పొరుగింట నొప్పులు పడుతున్న స్త్రీని, గుండెనొప్పి వచ్చిన వృద్ధుని నిజామాబాద్ ఆసుపత్రికి చేర్చండి. ఆ ఇల్లు ముస్లిములదా, ముస్లిమేతరులదా అని చూడకండి. ఆ రాత్రి మీ కారు ధర ఎవరూ అడగరు.

వాహనం ఎక్కేటప్పుడు మనం చదివే దుఆను గుర్తు చేసుకోండి. దీనిని మనకు వశపరచినవాడు పరిశుద్ధుడని, మనకై మనం దీనిని లోబరచుకోగలిగేవారం కామని, చివరకు మన ప్రభువు వద్దకే మరలిపోవలసి ఉందని అందులో ఒప్పుకుంటాము. ప్రతి ప్రయాణం మొదట్లోనే చివరి ప్రయాణాన్ని తలచుకోమని నేర్పిన ధర్మం మనది. ఆ చివరి ప్రయాణపు జనాజాను ధనికునికైనా పేదవానికైనా నాలుగు భుజాలే మోస్తాయి. సమాధి వరకు కుటుంబం, సంపద, కర్మలు వెంట వస్తాయి; మొదటి రెండూ తిరిగి వస్తాయి, కర్మలు మాత్రమే మిగులుతాయి.

ఓ అల్లాహ్! మాకు ధర్మసమ్మతమైన ఉపాధిని, అందులో శుభాన్ని ప్రసాదించు. ప్రదర్శనా వ్యామోహం నుండి, అప్పుల భారం నుండి మమ్మల్ని కాపాడు. మా యువకులను రహదారులపై క్షేమంగా ఉంచు. పరాయి గడ్డపై కష్టపడుతున్న మా సోదరులను సురక్షితంగా ఇంటికి చేర్చు. ఆమీన్.