ఉంటామన్నవాళ్ల లెక్క
(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం, సాలువా)



ఆగస్టు 29 అనగానే గిడుగు రామమూర్తి పంతులుగారి వాడుక భాషా ఉద్యమం గుర్తుకొస్తుంది. గ్రాంథికవాదులతో ఆయన చేసిన పోరాటం గురించి పెద్దలు ఎందరో ఎన్నో వేదికల మీద చెప్పారు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు సాలువాలో పెట్టుకున్న ఈ సభలో నేను ఆయన జీవితంలోని చివరి ఘట్టాల్లో ఒకదాని గురించి మాట్లాడతాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా కొత్త రాష్ట్రమైంది. పర్లాకిమిడి పట్నం అందులో చేరింది. ప్రారంభోత్సవం నాటి ఉదయమే పంతులుగారు తన ఇల్లు వదిలేసి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు.

ఆ వయసులో ఊరు వదలడమంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కర్లేదు. కుర్రతనంలో రాజావారి బడిలో పంతులుగా చేరి, అది కాలేజీ అయ్యాక అక్కడే చరిత్ర పాఠాలు చెప్పి, 1911లో ఉద్యోగం విరమించారు. కొండల్లోని సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నదీ ఆ ఊళ్లోనే. బడిలేని సవర పిల్లలకు వాచకాలు రాసిందీ అక్కడే. అలాంటి ఊరిని ఆయన కాదనుకోలేదు. మద్రాసు రాష్ట్రంలోనే, తెలుగు జిల్లాలతోనే ఉంటామని ఊరి తెలుగువాళ్లను కూడగట్టి చెప్పగలిగినంతా చెప్పారు. మాట చెల్లకపోయేసరికి తనే కదిలారు.

ఆ మాట ఎందుకు చెల్లలేదు? ఒడియావారి కోరికలో అన్యాయం ఏమీ లేదు. గంజాంలో వాళ్లు మద్రాసు ప్రభుత్వం కింద, కోర్టుల్లోనూ కచేరీల్లోనూ తమ భాషకు చోటు లేక ఎన్నో ఏళ్లు నలిగారు. 1903లో మొదలైన ఉత్కళ సమ్మేళని ఆ బాధలోంచి పుట్టిందే. 1931లో ఓడొనెల్ అధ్యక్షతన సరిహద్దుల కమిటీ వేశారు. దానికి సహసభ్యులుగా ఒడియాల తరఫున పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి, తెలుగువారి తరఫున సి.వి.ఎస్. నరసింహరాజు కూర్చున్నారు. 1933 మార్చిలో వచ్చిన శ్వేతపత్రం పర్లాకిమిడిని కొత్త రాష్ట్రం బయటే ఉంచింది. రాజావారు లండన్ దాకా వెళ్లి పార్లమెంటు సంయుక్త కమిటీ ముందు వాదించారు. 1934లో ఆ కమిటీ జయపురం జమీందారీని, పర్లాకిమిడి పట్నాన్ని, దాని మన్నెం భాగాన్ని ఒరిస్సాకు ఇవ్వమంది. పర్లాకిమిడి జమీందారీలో మిగిలిన భూమి మద్రాసులో ఉండిపోయింది. తన ఆస్తి రెండు ముక్కలైనా సరే, పట్నం ఒరిస్సాలో ఉండాలన్నది రాజావారి పట్టుదల. ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి ఆయనే అయ్యారు.

ఈ తగవులో తెలుగువాళ్లకో లెక్క, ఒడియాలకో లెక్క ఉన్నాయి. సవరలకు వేరే లెక్క లేదు. కొండల మీద ఉన్నవాళ్లు ఎవరి తూకంలో పడితే వాళ్ల పక్షం బరువెక్కుతుంది కాబట్టి వాళ్లను ఎవరికి వారు తమ పద్దులో వేసుకున్నారు. వాళ్ల భాషకు నిఘంటువు చేసిన మనిషి ఆ ఊళ్లోనే ఉన్నాడు. అయినా ఏ రాష్ట్రంలో ఉంటారని వాళ్లను విడిగా అడిగే పద్ధతి లేకపోయింది. ఇవాళ సవరలు గజపతి జిల్లాలోనూ ఉన్నారు, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ ఉన్నారు.

ఈ ఉపన్యాసమంతా నేను చెప్పబోయేది ఒక్కటే. పెద్ద గుంపు విడిపోవాలనుకున్నప్పుడు, లేదా పైవాళ్లు గీత జరిపినప్పుడు, ఉన్నచోటే ఉంటామనే చిన్న గుంపు గొంతు ఓట్లలో ఓడిపోయే ముందే లెక్కలో ఓడిపోతుంది. ఎవరిని కలిపి లెక్కపెట్టాలన్నది ముందే తేలిపోతుంది కనుక.

ముందు బ్రిటన్ సంగతి చూడండి. 2016 జూన్ 23న యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని ఓటు పెట్టారు. దేశం మొత్తం మీద 51.9 శాతం బయటికి పోదామన్నారు. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉంటామన్నారు. అక్కడి 32 స్థానిక ప్రాంతాల్లో ఒక్కటీ బయటికి పోదామనలేదు. ఉత్తర ఐర్లాండ్‌లో దాదాపు 56 శాతం, జిబ్రాల్టర్‌లో దాదాపు 96 శాతం ఉంటామన్నవాళ్లే. 2020 జనవరి 31న అందరూ కలిసి బయటికొచ్చారు. అంతకుముందు 2014లో స్కాట్లాండ్ తన స్వాతంత్ర్యం మీద ఓటు వేసి 55 శాతంతో బ్రిటన్‌లోనే ఉంటామంది. బ్రిటన్‌లో ఉంటేనే యూరప్‌లో ఉంటామన్న నమ్మకం కూడా ఆ ఓటు వెనుక ఉంది. ఆ నమ్మకం రెండేళ్లకే చెదిరింది. మళ్లీ ఓటు పెట్టుకుంటామంటే, లండన్ అనుమతి లేకుండా కుదరదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతదూరం దేశం కబురు మనకెందుకు అనుకోవద్దు. అక్కడా ఇక్కడా గొడవ ఒకటే. ఓట్లను ఊరు ఊరుగా ఎంచుతారా, రాశి పోసి ఎంచుతారా?

ఇక్కడికి దగ్గర్లోని కథ మరింత కఠినమైనది. 1947 జులై 6, 7 తేదీల్లో సిల్హెట్ జిల్లాలో ఓటు పెట్టారు. అస్సాంలో ఉంటారా, తూర్పు బెంగాల్లో కలుస్తారా అన్నది ప్రశ్న. పోతామన్నవాళ్లు 2,39,619 మంది. ఉంటామన్నవాళ్లు 1,84,041 మంది. తేడా యాభై ఐదు వేల పైచిలుకు. ఆ జిల్లాలో టీ తోటల కూలీలు వేలల్లో ఉన్నారు. వాళ్లు నిలకడలేని జనం అన్న వంకతో ఓటు ఇవ్వలేదు. ఆ కూలీల్లో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. శ్రీమంగళ్ చుట్టుపక్కల తోటల్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడే ఇళ్లున్నాయి. తరాల తరబడి ఆకు కోసినవాళ్లు నిలకడలేని జనమైతే, తోటల్లో ఎస్టేట్ బంగళాలు కట్టుకున్న దొరలను ఏమనాలి? కూలీలు ఓటు వేసి ఉంటే ఫలితం తారుమారయ్యేదని నేను చెప్పడం లేదు. వాళ్లను అడగకుండానే తేల్చారు, అదీ నా బాధ. నిజానికి సిల్హెట్‌కు ఓటన్నా దక్కింది. చిట్టగాంగ్ కొండప్రాంతానికి అదీ లేదు. అక్కడి జనంలో నూటికి 97 మంది ముస్లిమేతరులు. 1947 ఆగస్టు 15న రాంగామాటిలో భారత జెండా ఎగరేశారు. 17న సరిహద్దులు గీసిన రాడ్‌క్లిఫ్ తీర్పు బయటికి రాగా ఆ కొండలు పాకిస్తాన్‌లో ఉన్నాయి. కొద్దిరోజులకే పాకిస్తాన్ సైన్యం వచ్చి జెండా దింపేసింది.

ఇక మనం కూర్చున్న ఈ సాలువా. ఇక్కడి ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ వంశం ఈస్టిండియా కంపెనీ నాటిది. 1920లో ఆ పేరు పెట్టుకున్న దళం ఢాకా వైపు ఉండేది. దేశం చీలినప్పుడు దళమూ చీలింది. అక్కడ మిగిలిన భాగం ఈస్ట్ పాకిస్తాన్ రైఫిల్స్ అయింది, బంగ్లాదేశ్ వచ్చాక బంగ్లాదేశ్ రైఫిల్స్ అయింది. ఇటు వచ్చిన గూర్ఖా దళానికి సాలువా ఇల్లయింది. మీ పక్కింటి నేపాలీ మాటకు ఆ చరిత్ర ఉంది.  

ప్రభుత్వోద్యోగులకు 1947లో ఒక అవకాశం ఇచ్చారు. ఇండియాలో పనిచేస్తావా, పాకిస్తాన్‌లో పనిచేస్తావా, రాసివ్వమన్నారు. పోలీసును, గుమాస్తాను, రైల్వే మనిషిని అడిగారు. వాళ్లు కాపురమున్న ఊరిని మాత్రం అడగలేదు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు ఆప్షన్ అన్న మాట కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి వర్క్‌షాపు పనికి, లోకో పనికి వచ్చిన మన తాతలకు వాల్తేరూ ఖరగ్‌పూరూ ఒకే రైల్వే. 1955 తరవాత సౌత్ ఈస్టర్న్ రైల్వే అయినా అదే తీరు. 2003 ఏప్రిల్ 1న ఈస్ట్ కోస్ట్ జోన్ మొదలై వాల్తేరు డివిజన్ అందులోకి పోయింది. అప్పుడు ఆప్షన్ ఫారాలు నింపినవాళ్లు ఈ సభలో ఉండే ఉంటారు. పేరు, టోకెన్ నంబరు, హోదా, సీనియారిటీ, ఏ జోన్ కావాలి, కింద సంతకం. ఒక్క కాగితం. ఆ కాగితం ముందు పెట్టుకుని సీనియారిటీ ఎటు పోతుంది, ఇల్లు ఎటు మిగులుతుంది, అమ్మా నాన్న ఊరికి పాస్ ఎంత దూరం అని రాత్రుళ్లు ఆలోచించిన ఇళ్లెన్నో. అన్ని సందేహాలూ తీరవు. కానీ కనీసం మనిషిని మనిషిగా అడిగారు. ఒక ఉద్యోగం మారడానికి ఇంత మర్యాద ఉన్నప్పుడు, ఊరు ఊరంతా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారేటప్పుడు ఆ మర్యాద ఎందుకు లేదు?

మన రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాష్ట్రాల హద్దులు మార్చే బిల్లును రాష్ట్రపతి సంబంధిత శాసనసభ అభిప్రాయానికి పంపాలి. అభిప్రాయమే, సమ్మతి అక్కర్లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. అయినా పార్లమెంటు ఫిబ్రవరిలో బిల్లు ఆమోదించింది. తెలంగాణ ఏర్పడాల్సిందే. ఆ ఉద్యమం తరాల ఆకాంక్ష, ఆ ప్రాంతం కోరుకున్నదే జరిగింది. నా ఆవేదన విభజన గురించి కాదు, విభజనలో మళ్లీ జరిగిన చిన్న విభజన గురించి. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల భూభాగాన్ని ఆంధ్రప్రదేశ్‌కు చేర్చారు. మే నెలాఖరులో ఆర్డినెన్స్ వచ్చింది, జులైలో పార్లమెంటు చట్టం చేసింది. ఈ మధ్యలో జూన్ 2న తెలంగాణ పుట్టింది. అంటే ఆ ఊళ్లు కొత్త రాష్ట్రంలో అడుగుపెట్టకుండానే బయటికి పోయాయి.

భద్రాచలం పట్నం తెలంగాణలో ఉంది. దాని పొలిమేరలు ఆంధ్రలో ఉన్నాయి. రామాలయానికి పురుషోత్తపట్నంలో ఉన్న ఎనిమిది వందల పైచిలుకు ఎకరాలు ఇవాళ ఇంకో రాష్ట్రం రెవెన్యూ రికార్డుల్లో ఉన్నాయి. పట్నం చెత్త పోయడానికి డంపింగ్ యార్డుకు చోటు దొరక్క పంచాయతీ ఏళ్ల తరబడి తిప్పలు పడింది. ఎటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల అనే ఐదు ఊళ్ల జనం తమను తెలంగాణలో కలపమని అడుగుతూనే ఉన్నారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు పెరిగినప్పుడు ఆ ఊళ్లు రోడ్డెక్కాయి. పక్కనున్న ఆసుపత్రి, బజారు, కాలేజీ అన్నీ భద్రాచలంలో ఉండగా, అధికారులు మాత్రం వేరే జిల్లా కేంద్రం నుంచి రావాలి. వరద నీటికి రాష్ట్రం లేదు కానీ పడవకూ పాల ప్యాకెట్టుకూ రాష్ట్రం ఉంటుంది.

అయితే ఉంటామన్నవాళ్ల మాట నెగ్గితే అంతా మంచే జరుగుతుందని నేను నమ్మించబోవడం లేదు. కొమొరో దీవుల్లో 1974లో ఫ్రాన్స్ నుంచి విడిపోవడంపై ఓటు పెడితే, మొత్తం మీద పెద్ద మెజారిటీ విడిపోదామంది. మయోత్ దీవి మాత్రం ఉంటామంది. ఫ్రాన్స్ దీవి దీవిగా లెక్కపెట్టి మయోత్‌ను ఉంచుకుంది. 2011లో అది ఫ్రాన్స్ జిల్లాగా మారింది. దాంతో మయోత్ మనిషికి కోరుకున్నది దక్కింది. 1995 నుంచి పక్క దీవుల్లోని చుట్టాలకు వీసా పెట్టడంతో, చిన్న పడవల్లో దాటబోయి ఎంతమంది మునిగిపోయారో. ఉండిపోయినవాళ్ల హక్కు నెగ్గాక, వెళ్లిపోయిన చుట్టాలకు దారి ఉంచాలన్న పాఠం అందులో ఉంది. గీత ఎటు పడినా రెండు వైపులా మనుషులుంటారు. పర్లాకిమిడిలో తెలుగువాళ్లు మిగిలారు. ఇటు ఇచ్ఛాపురం, సోంపేట, మందసల్లో ఒడియాలు మిగిలారు. ఏ కమిటీ ఎంత నిజాయితీగా గీసినా అలా మిగలకుండా గీయలేదు.

అందుకే నా మనవి రెండు మాటలుగా చెబుతాను. హద్దు మారేటప్పుడు, మారబోయే ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టి, ఉంటారా పోతారా అని అడిగి, ఆ తీర్మానాలను బిల్లుతో జతచేసి పార్లమెంటు ముందు పెట్టాలి. పార్లమెంటు వాటికి కట్టుబడాలని నేననడం లేదు. వాటిని చదవకుండా ఓటు వేయకూడదంటున్నాను. భద్రాచలం పక్క ఊళ్లు షెడ్యూల్డు ప్రాంతంలోనివి. భూసేకరణకు ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం చెబుతున్నప్పుడు, ఊరి రాష్ట్రమే మారిపోయే సంగతిలో అడగకపోవడానికి ఏ కారణమూ లేదు. తోటల్లో, ఫ్యాక్టరీల్లో, రైల్వే కాలనీల్లో కాపురమున్న వలస మనిషికి కూడా ఆ గ్రామసభలో చెయ్యెత్తే హక్కుండాలి. లేకపోతే సిల్హెట్ మళ్లీ వస్తుంది.

రెండోది, గీత అవతల మిగిలినవాళ్ల భాష గురించి. రాజ్యాంగం 350ఎ అధికరణం మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించే సౌకర్యం కల్పించమంటోంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. ఆ నిర్ణయం మన ఖరగ్‌పూర్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిందే. కాగితం మీద దక్కిన ఆ హోదాను బడి దాకా తెచ్చుకోవడం మన పని. ప్రతి తెలుగు బడిలో ఖాళీ అయిన పంతులు పోస్టుకు నోటిఫికేషన్ ఎప్పుడు, పాఠ్యపుస్తకం ఎవరు అచ్చువేస్తారు, మున్సిపాలిటీ నోటీసు తెలుగులో ఎప్పటినుంచి అంటిస్తారు అని అడగాలి. మన వార్డు కౌన్సిలర్‌ను అడుగుదాం, జిల్లా విద్యాశాఖను అడుగుదాం. పర్లాకిమిడి, బరంపురం తెలుగు సంఘాలను కూడా పిలిచి, ఒడిశాలో వాళ్లు ఏం సాధించుకున్నారో, ఏం పోగొట్టుకున్నారో తెలుసుకుందాం. సాలువా నేపాలీ కుటుంబాల పిల్లలకు నేపాలీలో చదువు కావాలంటే ఆ అర్జీ మీద కూడా మన సంతకాలుండాలి.