లింకులకూ ఒక అల్మరా కావాలి
(బెంగళూరులో సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా ఇంటి సంగతితో మొదలుపెడతాను. మా తమ్ముడి కూతురు పీయూసీ చదువుతోంది. పోయిన ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తు లింకు మన వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. చూశాను, సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను, మరిచిపోయాను. గుర్తొచ్చి వెతికితే శుభోదయాలు, పెళ్ళిపత్రికల మధ్య అది దొరకలేదు. దొరికేసరికి ఆఖరు తేదీ దాటిపోయింది. పెట్టినవారి తప్పు లేదు. దాచుకోని తప్పు నాది.

జకార్డు అట్టలకు నంబర్లు వేసి వరసగా కుడతాం. ఒక్క అట్ట తారుమారైతే అంచులో నెమలి నెమలిలా రాదు. అట్టల దగ్గర అంత జాగ్రత్తపడే మనం, పిల్లల చదువు లింకులను మాత్రం కుప్పగా పడేస్తున్నాం.

దీనికి ఉపాయం సోషల్ బుక్‌మార్కింగ్. అంటే లింకులను ఇంటర్నెట్‌లోనే ఒకచోట దాచి, ఒక్కోదానికి చీటీ అంటించి, పదిమందితో పంచుకోవడం. ఆ చీటీనే ట్యాగ్ అంటారు. 2003లో వచ్చిన డెలీషియస్ అనే సైటు ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది. ఇప్పుడు రెయిన్‌డ్రాప్, డీగో వంటివి ఉన్నాయి. డబ్బు కట్టకుండానే మొదలుపెట్టొచ్చు.

అందులో ఏం దాచాలి? బడి పిల్లలకు 2017లో మొదలైన దీక్ష. ఇంజనీరింగ్ పిల్లలకు ఐఐటీలు, మన బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్; అందులో వస్త్ర సాంకేతికత పాఠాలూ ఉన్నాయి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్, కర్ణాటక స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్. చేనేతలో డిప్లొమా చేయాలనుకునేవారికి వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య స్మారక సంస్థ.

ట్యాగులు తెలుగులోనే పెట్టండి: "పదో తరగతి", "స్కాలర్‌షిప్", "నేత". అప్పుడు అమ్మ కూడా వెతకగలదు. పక్కన ఆఖరు తేదీ రాయండి. కాలేజీ పిల్లలు నలుగురు బాధ్యత తీసుకుంటే చాలు. గ్రూపులో వచ్చిన లింకు అసలుదో కాదో చూసి, ఆ రోజే అల్మరాలో పెట్టాలి. ప్రభుత్వ సైటు అయితే చిరునామా చివర సాధారణంగా "గవ్ డాట్ ఇన్" ఉంటుంది. ఆ అల్మరా లింకును గ్రూపు వివరాల్లో పైనే ఉంచితే ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. ఈ సైట్లు శాశ్వతం కావు. డెలీషియస్‌లో 2017 నుంచి కొత్త లింకులు దాచే వీలు పోయింది. పాకెట్ అనే మరో సేవ 2025 జూలైలో మూతపడింది. కాబట్టి మూడు నెలలకోసారి మొత్తం జాబితాను ఎక్స్‌పోర్ట్ చేసి, సమాఖ్య కంప్యూటర్‌లో ఒక ప్రతి ఉంచుకోవాలి.

మా అమ్మాయికి ఆ ఏడాది డబ్బు పోయింది. ఈ ఏడాది మీ ఇంట్లో ఏ బిడ్డకూ అలా కాకూడదు. సభ ముగిశాక వెనక బల్ల దగ్గరికి ఫోన్లు తీసుకుని రండి. మొదటి పది లింకులు ఇవాళే పెడదాం.

సెలవు. జై చేనేత!