తాతగారి రివాల్వరు

(మా తెలుగు సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగము)



నేను రైల్వేలో గుమాస్తాను, మెట్రిక్ వరకు చదివినవాడను. సాహిత్యమును గూర్చి చెప్పగల పెద్దలు ఈ వేదికమీద ఉన్నారు. నేను మా యింటి ట్రంకుపెట్టెను గూర్చి చెప్పెదను. అటువంటి పెట్టె మీ యింట కూడ ఉండవచ్చును.

మా తాతగారు బి.ఎన్.ఆర్. రోజులలో విజయనగరము నుండి ఖుర్దారోడ్డుకు వచ్చి స్థిరపడినారు. 1947లో ఆయన పై అధికారియైన దొర సీమకు పోతూ తన రివాల్వరును ఆయనకు అమ్మినాడు. తాతగారు తమ పేర లైసెన్సు పుచ్చుకొన్నారు. ఆయన పోయిన తరువాత మా నాన్నగారు దానిని పాత పంచెలో చుట్టి పెట్టెలో ఉంచినారు. లైసెన్సు మాట ఎవరికీ తోచలేదు. నాన్నగారి సంవత్సరీకము అయినాక పెట్టె తెరిచితే అది బయటపడినది.

అమ్మ, “చెరువులో పారెయ్యరా నాయనా” అన్నది. తమ్ముడు, “అన్నయ్యా, పాతకాలపు వస్తువు, లక్షలు పలుకుతుంది” అన్నాడు. సంగతి తెలిసిన వర్తకుడొకడు, కాగితములు అడగనని, పదివేలు చేతిలో పెట్టెదనని కబురు చేసినాడు. ఈ ముగ్గురిలో ఎవరి మాట విన్నా మా కొంప మునిగియుండెడిది. లైసెన్సు లేని తుపాకి ఇంట ఉన్న నేరమునకు 2019 సవరణ ప్రకారము రెండేండ్లకు తగ్గకుండ, అయిదేండ్ల వరకు జైలు. నా ఉద్యోగము ఏమయ్యెడిదో వేరే చెప్పనక్కరలేదు.

పాతదైనంత మాత్రాన లైసెన్సు అక్కరలేదని చాలామంది అనుకొందురు. అది పొరపాటు. 1959 ఆయుధముల చట్టములో పురాతన వస్తువులకు మినహాయింపు ఉన్నమాట నిజమే. కాని మరమ్మతు చేసినా పేలనిదానికే అది వర్తించును. మాది నిక్షేపముగా పేలెడిది.

నేను పెట్టె మూత మూసి పోలీసు ఠాణాకు పోయి ఉన్నదున్నట్లు చెప్పినాను. వారు వచ్చి విప్పి చూడగా లోపల రెండు తూటాలు ఉన్నవి! ఆ పెట్టెమీదనే మా పిల్లలు కూర్చుండి చదువుకొనెడివారు. అందుచేత పాత తుపాకి దొరికితే ముట్టవద్దు, ట్రిగ్గరు లాగి చూడవద్దు.

లైసెన్సు గడువు తీరిన ఆయుధమును ఠాణాలో గాని, లైసెన్సు గల తుపాకుల దుకాణములో గాని వెంటనే జమ చేయవలెనని చట్టము. మేము దుకాణములో జమ చేసి రసీదు పుచ్చుకొన్నాము. ఆ దుకాణములోని వృద్ధుడు దానిని పుస్తకమువలె చదివి చూపినాడు. గొట్టమును క్రిందికి వంచితే ఆరు గదుల చక్రము బయటపడును. ప్రక్కన వెబ్లీ అండ్ స్కాట్, బర్మింగ్‌హాము అని చెక్కియున్నది. కిరీటము క్రింద బి.వి., బి.పి., ఎన్.పి. అను అక్షరములు 1904 నుండి బర్మింగ్‌హాము పరీక్షాశాలవారు వేసిన ముద్రలు. కోడిగ్రుడ్డు ఆకారములో ఇ.ఎల్.జి. అని ఉంటే అది బెల్జియములోని లియేజ్ పట్టణపు సరుకు. అక్షరములు తిరగబడి, వర్ణక్రమము తప్పియుంటే సరిహద్దు కొండలలో చేసిన నకలు కావచ్చును. తరువాత కొలత చూడవలెను. కొన్ని కొలతలు నిషిద్ధములు, వాటికి కేంద్రప్రభుత్వపు అనుమతి కావలెను. మాది .32.

వెల మాట అడిగితే ఆయన నవ్వి, “తుప్పు గీకి మెరుగు పెట్టలేదు గదా?” అన్నాడు. పై నీలిపూత అసలుది అయితే వెల, గీకితే నష్టము. భాగములమీది అంకెలు ఒకదానితో ఒకటి సరిపోవలెను. అన్నిటికంటె మించినది దాని చరిత్ర చెప్పు కాగితము. అమెరికాలో 1881లో బిల్లీ ది కిడ్ అను బందిపోటును షెరీఫు ప్యాట్ గ్యారెట్ కాల్చిన కోల్టు రివాల్వరు 2021 వేలములో 60 లక్షల డాలర్లకు పైగా పోయినది. ఆ రకము కోల్టులు లక్షల సంఖ్యలో తయారైనవే. ధర ఇనుమునకు రాలేదు, రుజువైన కథకు వచ్చినది. అయితే ఆ ధరలు మనకు వర్తించవు. మనదేశములో కొనువానికి లైసెన్సు ఉండవలెను. విదేశీ తుపాకుల దిగుమతి కట్టుబాటులో ఉన్నందున అసలైన వెబ్లీకి గిరాకి మాత్రము ఉన్నది. వర్తకుడు చెప్పిన పదివేలకు ఎన్నో రెట్లు వచ్చునని ఆ వృద్ధుడు చెప్పినాడు.

వారసునిగా లైసెన్సు కోరవలెనంటే తక్కిన వారసులు తమకు అభ్యంతరము లేదని వ్రాసి ఇవ్వవలెను. ఒక వారసుడు విజయనగరములోని మా పెదనాన్నగారు. ఆస్తి పంపకములనాటి నుండి ఇరువది ఏండ్లుగా మా రెండు ఇండ్లకు మాటలు లేవు. నాన్నగారు పోయినప్పుడు కూడ ఆయన రాలేదు.

భయపడుతూనే వెళ్ళినాను. సంగతి విని ఆయన చాలసేపు ఏమియు అనలేదు. తరువాత లోపలికి పోయి, గుడ్డసంచిలో నుండి ఒక చిన్న పుస్తకము తెచ్చి నా చేతిలో పెట్టినారు. అది తాతగారి లైసెన్సు. అందులో తాతగారి సంతకము, రివాల్వరు అంకె ఉన్నవి. “తుపాకి మీ నాన్న తీసుకున్నాడు. కాగితం నేను దాచాను. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరికి ఇవ్వలేదురా” అని కండ్లు తుడుచుకొన్నారు. అభ్యంతరము లేదను పత్రముమీద సంతకము చేసి, భోజనము చేయనిదే కదలనీయలేదు.

దుకాణములో అంకెలు పోల్చిచూస్తే సరిపోయినవి. దరఖాస్తు పెట్టినాము. లైసెన్సు రాకపోయినా, అర్హత గలవారికి అమ్ముకొను హక్కు చట్టము మాకు ఇచ్చినది. ఏమి చేయవలెనో పెదనాన్నగారితో కలిసి ఆలోచించెదము. ఈ ఉగాదికి ఆయన మా యింటికి వచ్చినారు. ఇదిగో, ఈ సభలోనే కూర్చున్నారు.

దూరదేశములకు వచ్చిన మన కుటుంబములలో వస్తువు ఒక ఊరిలో, దాని కాగితము ఇంకొక ఊరిలో ఉండుట వింత కాదు. పెద్దలు జీవించియుండగానే అడిగి వ్రాసి పెట్టుకొనుడు. ఈ సంవత్సరము మీకందరికీ శుభము కలుగుగాక. సెలవు.