100 కోట్లు వచ్చాయంటే... నిజంగా వచ్చినట్టేనా?

నర్సీపట్నం నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడ డిగ్రీ అయ్యాక పీజీ అంటే మనలో చాలామంది చూసేది వైజాగ్ వైపే కదా. 2024 ఫిబ్రవరిలో పీఎం ఉషా పథకం కింద ఆంధ్రా యూనివర్సిటీకి 100 కోట్లు అన్నారు. ‘ఢిల్లీ 100 కోట్లు ఇచ్చేసింది’ అని నేనూ స్టేటస్ పెట్టేశాను. తప్పు చేశాను.

ఈ పథకంలో మన రాష్ట్రానికి లెక్క 60:40. అంటే 100లో కేంద్రం ఇచ్చేది 60, మిగతా 40 రాష్ట్రం పెట్టాలి. అదీ ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. ముందు ఇచ్చింది దేనికి ఖర్చు పెట్టారో కాగితం పంపాలి. దాన్నే యూసీ అంటారు, వినియోగ ధ్రువపత్రం. అది ఆలస్యమైతే తర్వాతి విడత ఆగుతుంది, ల్యాబ్ గోడల దగ్గరే నిలిచిపోతుంది. పీజీ మాత్రం రెండేళ్లే. ల్యాబ్ కోసం అది ఆగదు. నష్టపోయేది మనమే.

విజయనగరం గిరిజన యూనివర్సిటీ సంగతి వేరు. 2014 విభజన చట్టంలో హామీ, 2019లో పార్లమెంటు చట్టం. సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి డబ్బు కేంద్రానిదే. అయినా క్లాసులు మొదలైంది ఏయూ పాత పీజీ క్యాంపస్‌లో. సొంత క్యాంపస్‌కి శంకుస్థాపన 2023 ఆగస్టులో.

అందుకే ఇకపై ఎవరైనా ‘ఇన్ని కోట్లు మంజూరు’ అంటే మూడు ప్రశ్నలు వేయండి. కేంద్రం ఎంత విడుదల చేసింది? రాష్ట్రం వాటా పడిందా? యూసీ వెళ్లిందా? సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో అడగొచ్చు. అడగండి మరి. ఉంటాను.