పొగబండి చప్పుడు
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పిల్లల ఆటలో రైలు ఎలా మోగాలి అన్నదానికి ఒక ప్రసంగం కూడానా అని మీరనుకోవచ్చు. మా ఇంట్లో మాత్రం ఈ విషయం మీద తాతామనవళ్ళకు నెలరోజుల పాటు పేచీ నడిచింది.

మా అబ్బాయికి కంప్యూటరు తెరమీద రైలు నడిపే ఆటంటే పిచ్చి. ట్రైన్ సిమ్యులేటర్ అంటారు దాన్ని. 2001లో మైక్రోసాఫ్ట్ వారు ఇటువంటిది ఒకటి విడుదల చేశారు. ఇంజను బొమ్మలూ, చప్పుళ్ళూ సొంతంగా తయారుచేసి ఇలాంటి ఆటల్లో చేర్చేవారు ఎన్నో దేశాల్లో ఉన్నారు. మావాడు డబ్ల్యు.పి. ఇంజనుకు చప్పుడు చేశాడు. 1947 నుంచి మన మెయిలు బండ్లను లాగిన గుండ్రటి ముక్కు ఇంజను అది. మా మామగారు ఒకప్పుడు దానిమీద ఫైర్‌మన్‌గా పనిచేశారు. చెవి ఒగ్గి విని, "ఒరేయ్, ఇది ఖాళీ డబ్బా మోతరా. బండి బరువేదీ?" అనేశారు.

తప్పెక్కడ జరిగింది? వాడు పాత రికార్డింగు ఒకటి తీసుకుని, బండి వేగం పెరిగినకొద్దీ దాన్నే గబగబా తిప్పాడు. టేపు జోరుగా తిరిగితే పాటగాడి గొంతు కీచుమంటుందని మనకు తెలుసు. ఇంజను గొంతూ అలాగే సన్నబడింది. పెళ్ళిలో పసుపు దంచేటప్పుడు చూడండి. చేతులు జోరందుకుంటే పోట్లు దగ్గర దగ్గరగా పడతాయే గాని, రోటి చప్పుడు కీచుగా మారదు గదా! ఇంజనూ అంతే.

ఆ పోట్లకూ ఒక లెక్కుంది. డబ్ల్యు.పి.కి రెండు సిలిండర్లు. ఒక్కొక్క దానిలో ఆవిరి పిస్టనును ముందు నుంచీ, వెనక నుంచీ కూడా తోస్తుంది. పని ముగిసిన ఆవిరి పొగగొట్టం గుండా ఒక్క ఉదుటున బయటపడేటప్పుడు వచ్చేదే మనం వినే "ఛఫ్". అంటే పెద్దచక్రం ఒకసారి తిరిగితే నాలుగు దెబ్బలు. ఆ చక్రం అడ్డుకొలత సుమారు 1.7 మీటర్లు. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో సెకనుకు రెండు దెబ్బలు, 60 కిలోమీటర్లకు పన్నెండు. అప్పుడిక విడివిడిగా లెక్కపెట్టలేం.

అందుకని మావాడు ఒక్కొక్క దెబ్బనూ విడదీసి, చక్రం తిరిగే లెక్క ప్రకారం పేర్చాడు. అయినా తాతగారు ఒప్పుకోలేదు. "బండి ఎత్తు ఎక్కుతోందా, దిగుతోందా? కళ్ళు మూసుకుంటే నాకు తెలియాలి" అన్నారు.

ఆయన చెప్పగా నాకూ బోధపడింది. బయలుదేరేటప్పుడూ, ఎత్తు ఎక్కేటప్పుడూ డ్రైవరు ఆవిరి ధారాళంగా ఇస్తాడు. దెబ్బ దిటవుగా పడుతుంది. వేగం అందుకున్నాక పొదుపు చేస్తాడు. దెబ్బ మెత్తబడుతుంది. పల్లంలో ఆవిరి కట్టేస్తే ఆ "ఛఫ్" ఆగిపోయి, ఇనుపకడ్డీల గలగల, పట్టాల అతుకుల మీద టకటక మాత్రం మిగులుతాయి. తడిపట్టాల మీద చక్రం జారిందనుకోండి, బండి కదలకపోయినా దెబ్బలు ఒక్కసారిగా పరుగెత్తుతాయి. కాబట్టి చప్పుడును బండి వేగానికి గాక చక్రానికి కట్టాలి. ఆవిరి ఎంత ఇస్తున్నారన్నదానికి తగ్గట్టు వేర్వేరు దెబ్బలు ఉండాలి.

మన దేశంలో బ్రాడ్‌గేజి మీద రోజువారీ బండ్లను ఆవిరి ఇంజను లాగడం 1995తో ముగిసింది. నీలగిరిలో, డార్జిలింగులో ఇప్పటికీ ఆవిరి ఇంజన్లున్నాయి. వెళ్ళి రికార్డు చేసుకోవచ్చు. కాని అవి చిన్నపట్టాల కొండబండ్లు, వాటి గొంతు వేరు. నీలగిరి ఇంజనుకైతే పళ్ళచక్రం తిప్పడానికే వేరే జత సిలిండర్లున్నాయి. ఆ చప్పుడు తెచ్చి డబ్ల్యు.పి.కి అతికిస్తే, ఒకరి మాటకు ఇంకొకరి గొంతు పెట్టినట్టే.

మరి సరిచూసేదెవరు? ఆ ఇంజన్ల మీద బొగ్గు వేసిన చెవులే. వాటిలో చాలావాటికి ఇప్పుడు వినికిడి తగ్గుతోంది. మా మామగారికి ఎడమచెవి పనిచేయదు. కుడిచెవిని స్పీకరు దగ్గర పెట్టి, మనవడి భుజం మీద చేత్తో దెబ్బ వేసి చూపించేవారు, "ఇంత ఆలస్యంగా, ఇంత బరువుగా" అని. మొన్న విని, ఏమీ అనలేదు. మళ్ళీ వేయమన్నారు.

మీ ఇంట్లోనూ రైల్వేలో పనిచేసిన పెద్దలుంటే, పిల్లల్ని వారి పక్కన కూర్చోబెట్టండి. పెద్దవారు చెప్పేది రాసిపెట్టుకోమనండి. ఆట ఆగితే మళ్ళీ ఆడుకోవచ్చు. ఆ చెవులు మళ్ళీ రావు.