నల్లమలకు కాపలా ఎవరు?

ఈ సభలో మాట్లాడమని అడిగినప్పుడు నల్లమల గురించే చెప్పాలనుకున్నాను. ఈ అడవికి కాపలా ఎవరన్నది ఇంకా తెగని తగవు.

అమ్రాబాద్ పీఠభూమి అంచు దాటితే కృష్ణమ్మ లోయ. ఆ వాలుల నిండా నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు. ఆ చెట్ల నడుమ చెంచు గిరిజనుల ఆవాసాలు, పెంటలు. 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఈ పెంటలకు వచ్చాడు. యుద్ధం తొలి ఏళ్లలో ఆయనకు నిజాం రాజ్యం దాటి వెళ్లే వీలుండేది కాదు. చెంచుల మధ్య ఉండి, వాళ్ల బతుకు మీద 1943లో పుస్తకం వెలువరించాడు. వాళ్లకంటూ అడవిలో కొంత మేర విడిచిపెట్టాలన్న ఆలోచన ఆ రోజుల్లోనే నిజాం సర్కారు చేత చెంచు రిజర్వును ఏర్పాటు చేయించింది. ఆ తర్వాత అడవి చుట్టూ గీసిన గీతలు పులి పేరిట గీసినవి. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం ప్రాంతం ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. రాష్ట్రం విడిపోయాక మన తెలంగాణ వైపు భాగం, సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు, అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది.

అడవికి పులి పేరిట గీతలు గీసినా, యురేనియం మీద అసలు పోరాటం మొదలైంది నల్లగొండలో. లంబాపురం, పెద్దగట్టుల్లో యురేనియం తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ ముందుకొచ్చింది. సాగర్ జలాశయం పక్కనే గని! 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన జిల్లా అది. నీళ్లు చెడితే మనిషి ఏమవుతాడో వాళ్లకు నిపుణులొచ్చి చెప్పనక్కర్లేదు. జార్ఖండ్‌లోని జాదూగూడ గనుల చుట్టుపక్కల పల్లెల కష్టాల కబుర్లు కూడా అప్పటికే ఇక్కడికి చేరాయి. తండాల జనం, హక్కుల సంఘాలు, శాస్త్రవేత్తలు ఒక్కటై అడ్డుకున్నారు. ఆ గని ఈనాటికీ తెరుచుకోలేదు. నా దృష్టిలో ఈ నేలమీద అడవి కోసం జరిగిన పోరాటాల్లో దీనికి దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు.

పదహారేళ్లకు అదే ముప్పు పీఠభూమి ఎక్కింది. 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాద్ అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సమ్మతించింది. వేల సంఖ్యలో బోర్లు వేయాలన్నది ఆ ప్రతిపాదన. ఒక్కో బోరుకు యంత్రం పోవాలి, యంత్రానికి దారి కావాలి, దారికి చెట్లు పడాలి. పులులు తిరిగే చోటని రాత్రిపూట శ్రీశైలం రోడ్డు మీద మన బండ్లను ఆపే ప్రభుత్వమే డ్రిల్లింగుకు తలుపు తీయబోయింది! అమ్రాబాద్, పదర జనం కదిలారు. బందులు పాటించారు, ధర్నాలు చేశారు. చెంచులు ముందు నిలిచారు, హైదరాబాద్‌లో చదువుకున్న పిల్లలు, సినిమావాళ్లు గొంతు కలిపారు. 2019 సెప్టెంబరు 16న శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇంత జరిగాక కూడా పులి కోసం పెంటలను బయటికి తరలించే మాట వినబడుతూనే ఉంది. 2006లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం ముందు అటవీ హక్కులు తేల్చాలి, గ్రామసభ ఇష్టపడి ఒప్పుకోవాలి. యంత్రాలకు అడ్డం నిలిచిన చెంచును, అడవికి భారమని పంపడం నాకు సమ్మతం కాదు. పెంటల్లో గ్రామసభ జరిగే రోజున మనలో చట్టం చదువుకున్నవాళ్లు కొందరైనా వెళ్లి చెంచుల పక్కన కూర్చోవాలని ఈ సభను అడుగుతున్నాను.