ఇంట కట్టిన కారు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అనిరి మన పెద్దలు. ఇంగ్లండునందలి కొందరు గృహస్థులు ఈ రెంటికి మూడవదానిని చేర్చుకొనిరి: కారు కట్టి చూడు. విడిభాగములను పెట్టెలలో తెప్పించుకొని, ఇంటి ప్రక్క షెడ్డులో సెలవుదినములందు తామే కూర్చుకొని, ఆ కారులోనే బాటపై తిరుగువారు అచ్చట వేలకొలదిగా ఉన్నారు. నేడు శ్రోతలకు ఆ ముచ్చట వినిపింపదలచితిమి.

దీనికి మూలపురుషులలో ముఖ్యుడు కాలిన్ చాప్‌మన్. ఆయన 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును ఆధారము చేసికొని తన మొదటి పందెపు కారును కట్టెను. 1957లో ఆయన కంపెనీ నుండి లోటస్ సెవెన్ వెలువడినది. సన్నని ఉక్కు గొట్టముల చట్రము, దానిపై అల్యూమినియము రేకు, ముందు చిన్న ఇంజను, ఇద్దరికి మాత్రమే చోటు. బరువు సుమారు 500 కిలోలు.

ఆ దినములలో బ్రిటనునందు సిద్ధమైన కారు కొన్నవారిపై కొనుగోలు పన్ను పడెడిది. విడిభాగములుగా కొన్నచో పడదు. అయితే కూర్చు విధానమును తెలుపు పత్రము వానితో ఈయరాదని నిబంధన. కంపెనీవారు ఆలోచించి, కారును విప్పు విధానమును వ్రాసి యిచ్చిరని చెప్పుదురు. కొన్నవాడు దానిని కడనుండి మొదటికి చదువుకొనుటయే!

మే మిచ్చట ఒక మాట ఒప్పుకొనవలెను. చిన్నతనమున మా ఇంటి పాత రేడియోను విప్పి, ఆ వరుసనే తిరుగవేసి బిగించితిమి. రేడియో పలుకలేదు, మూడు మరలు మాత్రము చేతిలో మిగిలెను. కావున ఆ పత్రమును మేము అంత తేలికగా నమ్మజాలము.

1973లో బ్రిటను ఐరోపా సమాజమున చేరి, పాత పన్ను స్థానమున వ్యాట్ రాగా ఆ లాభము పోయినది. ఆ యేడే సెవెన్ నిర్మాణపు హక్కులు కేటర్‌హామ్ సంస్థకు చేరినవి. కట్టువారు మాత్రము మానలేదు. ఇతరులును ఆ రూపమును అనుకరించి కిట్లు చేయసాగిరి. 1996లో రాన్ చాంపియన్ అను ఉపాధ్యాయుడు 250 పౌన్లకే అట్టి కారును కట్టవచ్చునని పుస్తకమే ప్రకటించెను. పాత ఫోర్డ్ ఎస్కార్ట్ నుండి ఇంజను, గేరుబాక్సు, వెనుక ఇరుసు తీసికొని, అంగుళపు చదరపు గొట్టములను కోసి వెల్డింగు చేసికొనవలెను. ఆ 250 మాటకు పెండ్లి ఖర్చు అంచనాకిచ్చు విలువనే ఈయవలెనని మా అభిప్రాయము.

పనిలో కఠినమైన ఘట్టము ఇంజను దింపుట అని చూచువారనుకొందురు. చైను కప్పీతో వ్రేలాడదీసి, గేరుబాక్సుతో సహా వాల్చి దింపునప్పుడు అందరును గుమిగూడుదురు. కాని అసలు పరీక్ష బ్రేకులది. గొట్టములలో గాలి బుడగ చిక్కినచో పెడలు మెత్తగా క్రిందికి దిగును. ద్రవము దాదాపు అణగదు, గాలి అణగును. కావున ఒకరు పెడలు నొక్కి పట్టగా, వేరొకరు చక్రము వద్ద మూతి సడలించి, పెడలు వదలకమునుపే మరల బిగించుచు గాలి తీయుదురు. ఇది ఒంటరి పని కాదు. పెడలు మీది కాలు సాధారణముగా ఇల్లాలిదో, కుమార్తెదో. బిగించిన ప్రతి నట్టుపై రంగుగీత గీయుదురు. నట్టు కదలినచో గీత విరిగి కనబడును.

బాటపై నడుపుటకు ముందు ఐ.వి.ఏ. అను ప్రభుత్వ పరీక్ష కలదు. బ్రేకులు, దీపములు, పొగ మాత్రమే కాదు. బయటకు పొడుచుకొనివచ్చు అంచుల గుండ్రదనమును సైతము కొలుతురు. కనీసపు వ్యాసార్ధము 2.5 మిల్లీమీటర్లు. బాటసారికి గాయము కాకుండుటకే ఈ కట్టడి. తామే కట్టినట్లు ఛాయాచిత్రముల వంటి ఆధారములు చూపవలెను. వయస్సు తేల్చజాలని పాత భాగములున్నచో, కారునకు ‘క్యూ’ అక్షరముతో మొదలగు సంఖ్య వచ్చును. ఆ అక్షరమును కొందరు చిన్నతనముగా భావింతురు. మాకట్లు తోచలేదు. అనుకృతిని అసలుదని నమ్మించి అమ్ముట మోసము. ఈ కారు తన సంగతిని నుదుటనే వ్రాసికొని తిరుగుచున్నది.

ముందుగా కుదుర్చుకొన్న పరీక్షకు, సంఖ్య లేకున్నను, బీమాతో కారును నడిపించుకొని పోవచ్చును. ఆ ప్రయాణమున కట్టినవాడు ప్రతి చప్పుడును చెవియొగ్గి వినును. ప్రక్క ఆసనమున స్పానర్ల పెట్టె ఉండును.